తెలియకుండా పెట్టే మందు వద్దు, చూపించడం ఆలస్యం చేయొద్దు

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. కొన్నాళ్లుగా అన్నం సరిగా తినడం లేదు, తలనొప్పి అంటున్నాడు, ఊరికే విసుక్కుంటున్నాడు. మొన్న స్కూలు బ్యాగులో పెయింటు వాసన కొడుతున్న చేతిరుమాలు, పంక్చర్ సొల్యూషన్ ట్యూబు దొరికాయి. అడిగితే సైన్స్ ప్రాజెక్టు కోసమన్నాడు. నిద్ర పట్టడం లేదంటే మందుల షాపులో ఏదో మాత్ర ఇచ్చారు, పది రోజులుగా రాత్రిపూట సగం వేస్తున్నాను. వాడికి తెలియకుండా మూత్ర పరీక్ష చేసే కిట్ దొరుకుతుందా? అన్నంలో కలిపి పెడితే అలవాటు మాన్పించే పొడి ఉందట, వాడవచ్చా? స్కూల్లో తెలిస్తే టీసీ ఇచ్చేస్తారేమోనని భయంగా ఉంది.
– ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, కిట్ సంగతి తర్వాత చూద్దాం. మీరు రాసినదాంట్లో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ సగం మాత్ర. దాని పేరు రాయలేదు, ఎన్ని మిల్లీగ్రాములో రాయలేదు. నిద్రమాత్రలు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనివి, పద్నాలుగేళ్ల పిల్లవాడికైతే అసలే ఇవ్వకూడదు. కొందరు పిల్లలు మత్తు కోసం పీల్చే పంక్చర్ సొల్యూషన్ ఆవిరి మెదడును మందగింపజేస్తుంది, మాత్రా అదే పని చేస్తుంది. సాయంత్రం వాడు పీల్చి వచ్చాడో లేదో మీకు తెలియదు. రాత్రి మీరు మాత్ర వేస్తారు. రెండూ కలిస్తే శ్వాస నెమ్మదించవచ్చు, మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కాబట్టి ఇకపై మీ అంతట మీరు ఆ మాత్ర ఇవ్వొద్దు. కొన్ని రకాల మాత్రలను కొన్నాళ్లు వాడి హఠాత్తుగా ఆపినా ఇబ్బంది రావచ్చు. అందుకే రేపే ఆ స్ట్రిప్పు తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

రుమాలు, ట్యూబు, తలనొప్పి, ఆకలి లేకపోవడం చూస్తే ద్రావకాలు (జిగురు, పెయింటు వంటివాటిని పలచన చేసే ద్రవాలు) పీలుస్తున్నాడన్న అనుమానం సహజమే. పిల్లవాడిని చూడకుండా నేను నిర్ధారించలేను. ముక్కు, పెదవుల చుట్టూ ఎర్రగా పొక్కినట్టు ఉందేమో గమనించండి. ఇలాంటి జిగురుల్లో, థిన్నర్లలో తరచుగా టొల్యూన్ వంటి ద్రావకాలు ఉంటాయి. ఇవి గుండెను ఎంత సున్నితంగా మార్చేస్తాయంటే, మత్తులో ఉన్న పిల్లవాడు ఒక్కసారిగా భయపడినా, పరుగెత్తినా గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. మొదటిసారి పీల్చినవారికీ ఇలా జరగవచ్చు. కాబట్టి ఆ వాసనతో ఇంటికి వచ్చిన పూట వాడిని కొట్టొద్దు, తరమొద్దు, కేకలు వేయొద్దు. గాలి ఆడే చోట కూర్చోబెట్టి పక్కనే ఉండండి. మాటలు మర్నాడు.

షాపుల్లో దొరికే మూత్రం కిట్లు ప్రధానంగా గంజాయి, నల్లమందు జాతి మత్తుల వంటి వాటిని పసిగడతాయి. ద్రావకాలు వాటిలో పడవు. నెగెటివ్ చూసి మీరు నిశ్చింతగా ఉంటే చికిత్సకు విలువైన సమయం పోయినట్టే. ఇక పొడి మాట ఎత్తొద్దు. అందులో ఏముందో అమ్మేవాడికే తెలియదు. మద్యం మాన్పించడానికి వాడే మందును కొందరు ఇలా చాటుగా కలిపి ఇస్తుంటారు, అది పెద్దవాళ్లకే ప్రమాదం. పైగా ద్రావకాల అలవాటుకు ప్రత్యేకంగా మందంటూ లేదు. కౌన్సెలింగే చికిత్స, అందులో తల్లిదండ్రులు కూడా కూర్చోవాలి.

మీ ఇంట్లోనే ఇలా జరిగిందని కుంగిపోకండి. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వేలో 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం మంది ఇలా పీలుస్తున్నట్టు తేలింది, పెద్దవాళ్లలో అది 0.58 శాతమే. మత్తులన్నిటిలో ఈ ఒక్కదానిలోనే పెద్దవాళ్లకంటే పిల్లలు ముందున్నారు. గంజాయి గురించి మాత్రమే హెచ్చరించే బడి ఈ ట్యూబును చూడనే చూడదు.

టీసీ భయం నాకు అర్థమవుతోంది. అయినా మీకు నమ్మకమున్న ఒక టీచరుతో మాట్లాడండి, పేరు ప్రార్థన సమయంలో బయటపెట్టొద్దని ముందే అడగండి. ఆ టీచరుకు నా మాటగా ఇదీ చెప్పండి: ఏడాదికొకసారి ప్రతిజ్ఞ చేయించి, పాడైన ఊపిరితిత్తుల బొమ్మలు చూపించి భయపెడితే పిల్లలు మానరు. భయపెట్టే ఉపన్యాసాల వల్ల ఫలితం ఉండదని ఐక్యరాజ్యసమితి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఇచ్చిన ప్రమాణాలే చెబుతున్నాయి. స్నేహితుడు రుమాలు చాపినప్పుడు ఏమని తప్పించుకోవాలో తరగతిలో పిల్లల చేతే మాట్లాడించి, చేయించి నేర్పాలి. అదీ ఒక్క రోజుతో అయ్యేది కాదు, వారం వారం జరగాలి. ఏ సరుకు ఏ దుకాణంలో దొరుకుతుందో, ఎలా పీలుస్తారో మాత్రం ఎవరూ వివరించకూడదు.

ఒక్క మాట అంటాను, నొచ్చుకోకండి. పది రోజులు మందుల షాపు మాత్రను నమ్ముకున్న మీరు ఒక్క రోజు ఆసుపత్రికి రాగలిగేవారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వాడికి చెప్పే తీసుకెళ్లండి. పొటాషియం, కిడ్నీ, కాలేయ పరీక్షలు, ఈసీజీ అవసరమో కాదో అక్కడి డాక్టర్ చూసి నిర్ణయిస్తారు. ట్యూబు కూడా పట్టుకెళ్లండి, దాని మీద రాసి ఉన్నది వారికి పనికొస్తుంది. వెళ్లేలోపు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 ఉచితం. కాళ్లు చేతులు ఒక్కసారిగా బలహీనమైనా, గుండె దడ వచ్చినా, స్పృహ తప్పినా హెల్ప్‌లైన్‌కు కాదు, వెంటనే 108కి ఫోన్ చేయండి.