బ్రిత్ మిలాను ‘బారసాల’ అనవచ్చునా?

సందేహం: యూదుల కుటుంబాచారాల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. మగబిడ్డకు ఎనిమిదో రోజున జరిపే ‘బ్రిత్ మిలా’ను ‘యూదుల బారసాల’ అని రాశాను. అది తప్పు, ‘సున్నతి’ అనాలని ఒక మిత్రుడు అంటున్నారు. ఏది సరి? తొలి కొడుకు విషయంలో జరిపే ‘పిద్యోన్ హబేన్’ను ‘జ్యేష్ఠపుత్ర విమోచనం’ అనవచ్చునా?

సమాధానం: బారసాల అనగానే తెలుగువారికి పురుటిశుద్ధి, ఉయ్యాల, పేరంటం, వాటితోపాటు బిడ్డకు పేరు పెట్టడం స్ఫురిస్తాయి. బ్రిత్ మిలాలోనూ పేరు పెడతారు, నిజమే. సున్నతి ముగిశాక బిడ్డ హీబ్రూ పేరును నలుగురి ఎదుట ప్రకటిస్తారు. లూకా సువార్త మొదటి అధ్యాయంలో యోహానుకు పేరు పెట్టిన ఘట్టం కూడా ఎనిమిదో నాటి సున్నతి సందర్భంలోనిదే. అయినా పేరు అక్కడ అనుబంధమే తప్ప ప్రధానం కాదు కనుక ‘బారసాల’ కుదరదు.

మీ మిత్రుని మాట సగమే సరి. బ్రిత్ అంటే ఒడంబడిక, మిలా అంటే సున్నతి. యూదులు మాటల్లో క్లుప్తంగా ‘బ్రిత్’ అనో, అష్కెనాజీల (మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న యూదుల) ఉచ్చారణలో ‘బ్రిస్’ అనో అంటారు. అంటే వారు పలికే సగాన్ని మీ మిత్రుడు వదిలేసి, వారు వదిలేసే సగాన్ని ఉంచుకున్నారు. సున్నతి అరబ్బీలో ఆచారం, మార్గం అనే అర్థాలున్న ‘సున్నత్’ నుంచి వచ్చిన మాట. అయినా తెలుగు బైబిలు దానిని యూదుల ఆచారానికే వాడి స్థిరపరచింది కాబట్టి, పుట్టుక చూసి వెలివేయనక్కర లేదు. చిక్కంతా ‘బ్రిత్’తోనే. బైబిలు అనువాదకులు దానికి ‘నిబంధన’ అన్నారు. పాత నిబంధన, కొత్త నిబంధన అనే పేర్లు అలా వచ్చినవే. ఈనాటి పాఠకునికి మాత్రం నిబంధన అంటే రవాణా శాఖ వారు అతిక్రమించవద్దని చెప్పేది. అందువల్ల మొదటిసారి ‘బ్రిత్ మిలా, అనగా సున్నతి ఒడంబడిక’ అని రాసి, ఆ తరువాత బ్రిత్ మిలా అనే కొనసాగించడం మేలని నా అభిప్రాయం.

‘ఎనిమిది రోజుల తరువాత’ అని మాత్రం రాయకండి. మన పురుటి లెక్కలో లాగే పుట్టిన రోజే ఒకటో రోజు. సోమవారం పగలు పుట్టిన బిడ్డకు వచ్చే సోమవారమే బ్రిత్. అయితే యూదుల దినం సాయంకాలంతో మొదలవుతుంది కనుక, సోమవారం చీకటి పడ్డాక పుట్టిన బిడ్డకు మంగళవారం నుంచి లెక్క.

ఆడపిల్లకు సాధారణంగా సినగాగులో, అంటే యూదుల ప్రార్థనాలయంలో, వారి ధర్మగ్రంథమైన తోరా పఠనం జరిగే రోజున పేరు పెడతారు. ఈ కాలంలో వేరుగా జరిపే వేడుకను సిమ్హత్ బత్, అంటే కూతురి సంతోషం, అంటారు. సెఫార్దీలు (స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న యూదులు) జెవెద్ హబత్, అంటే కూతురనే కానుక, అంటారు. ఇక్కడ ‘నామకరణం’ నిక్షేపంగా సరిపోతుంది. మీ ‘బారసాల’ను వృథా పోనివ్వడం ఇష్టం లేకపోతే దానికీ ఒక చోటుంది. దక్షిణ జర్మనీ, దాని పొరుగున ఫ్రాన్సులో ఉన్న అల్సాస్ ప్రాంతాల యూదులలో హోలెక్రైష్ అనే ఆచారం ఉండేది. పిల్లలంతా ఉయ్యాల చుట్టూ చేరి, దానిని పైకెత్తి, బిడ్డకు ఏం పేరు పెడదామని అడిగి, ఆ పేరును బిగ్గరగా పలికేవారు.

ఇక పిద్యోన్ హబేన్. ఇక్కడ ‘జ్యేష్ఠపుత్రుడు’ పొరపాటు. ఇది తండ్రికి పెద్దకొడుకైనందుకు జరిపేది కాదు, తల్లి గర్భాన తొలిగా పుట్టిన మగబిడ్డకు జరిపేది. ముందు కూతురు పుట్టి తరువాత కొడుకు పుడితే అతడు జ్యేష్ఠపుత్రుడే, కాని పిద్యోన్ ఉండదు. శస్త్రచికిత్సతో పుట్టినా ఉండదు. చూలు అంటే గర్భం కనుక, తెలుగు బైబిలులోని ‘తొలిచూలు’ అచ్చంగా ఈ అర్థానికి పుట్టినట్టున్న మాట. పశువులకే వాడతారేమోనని సంకోచించకండి, తొలిచూలు కొడుకు అని మనుషులకూ అంటాం. ‘విమోచనం’ తప్పు కాదు గాని చెరసాలను గుర్తుచేస్తుంది. ముప్పై ఒకటో రోజున తండ్రి పురోహిత వంశీకుడైన కోహేనుకు 5 షెకెళ్ల వెండి ఇచ్చి బిడ్డను తన వాడిగా చేసుకుంటాడు కనుక ‘తొలిచూలు కొడుకును విడిపించుకోవడం’ అనండి. షెకెలు ప్రాచీన యూదుల తూనిక, దానిని మాత్రం బైబిలు అనువాదంలో లాగా తులం చేయవద్దు. 5 షెకెళ్లు అంటే సుమారు 100 గ్రాముల వెండి. మన 5 తులాలు అందులో ఇంచుమించు సగమే.