ఆఫీసుకు వెళ్ళే ముందు వ్యాయామం: ఆ గంట ఎక్కడి నుంచి తేవాలి?

మీరు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నారు, వయసు 43, ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తగారు ఉన్నారు, ఉదయం 8.30కి ఇల్లు కదలాలి. సాయంత్రం వ్యాయామం కుదరడం లేదని, తెల్లవారుజామున మొదలుపెట్టిన ప్రతిసారీ రెండు వారాలు తిరగకుండానే ఆగిపోతోందని, సూర్యనమస్కారాలు చేసిన రోజున నడుము పట్టేస్తోందని రాశారు. నేనూ ఈ ఊరిలోనే ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను, పదేళ్ళకు పైగా ఉదయం వ్యాయామం ముగించుకునే ఆఫీసుకు వెళ్తున్నాను. నా అనుభవంలో ఈ అలవాటు నిలవడమూ చెడిపోవడమూ రాత్రి భోజనం వేళను బట్టి ఉంటుంది.

మన ఇళ్ళలో సాధారణంగా టీవీ సీరియళ్ళు అయ్యాక, తొమ్మిదిన్నర దాటాక కంచాలు పెట్టుకుంటాం. ఆ తరువాత గిన్నెలు సర్దడం, పాలు తోడుపెట్టడం, పిండి రుబ్బి ఉంచడం, పిల్లల యూనిఫాంలు చూసుకోవడం అయ్యేసరికి పదకొండున్నర అవుతుంది. అలా పడుకుని ఐదింటికి లేస్తే ఐదున్నర గంటల నిద్రే మిగులుతుంది. పెద్దవారికి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు కనుక, రోజుకు గంటన్నర చొప్పున పేరుకుపోయిన ఆ లోటును శరీరం ఏదో ఒక ఉదయాన తప్పక వసూలు చేసుకుంటుంది. రెండో వారంలో మీకు లేవాలనిపించకపోవడానికి కారణం బద్ధకం కాకపోవచ్చు. మా ఇంట్లో భోజనాన్ని ఎనిమిది గంటల లోపుకు జరిపాము. అది ఒక్కరోజులో జరిగిన పని కాదు, వారానికి పావుగంట చొప్పున ముందుకు తెచ్చుకుంటూ వచ్చాము. పదింటికి దీపాలు ఆరిపోతే ఐదింటికి లేవడం కష్టంగా తోచదు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. పొద్దున్న వంటంతా ఒక్క ఇల్లాలి మీదే ఉన్న ఇంట్లో ఆవిడ గంట ముందు లేచినా ఆ గంట కూడా వంటింటికే పోతుంది. అందువల్ల మీవారితో, అత్తగారితో కూర్చుని 5.15 నుంచి 6.15 వరకు పొయ్యి దగ్గర మీరు ఉండరని ముందుగానే మాట్లాడుకోవడం అవసరం. మా ఇంట్లో పాలు కాచడం, పిల్లలను లేపడం, క్యారియర్లు సర్దడం మావారు తీసుకున్నారు, కూరగాయలు రాత్రే తరిగి పెట్టుకుంటాము. ఈ ఒప్పందం కుదరకుండా అలారం పెట్టుకోవడం వల్ల ప్రయోజనం ఉండదని నా గట్టి అభిప్రాయం.

ఇక నడుము సంగతి. మనం పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీటిని పీల్చుకుని కొంత ఉబ్బుతాయి. లేచిన తరువాత నడకకు, నిలబడడానికి ఆ నీరు కొద్దికొద్దిగా బయటికి పోతుంది, ఇందులో ఎక్కువ భాగం మొదటి గంటలోనే జరుగుతుంది. అందుకే లేవగానే నడుము వంచి ముందుకు వంగితే డిస్కుల మీద, వాటిని పట్టి ఉంచే స్నాయువుల మీద పగటి కంటే చాలా ఎక్కువ ఒత్తిడి పడుతుంది. పైగా తెల్లవారుజామున శరీర ఉష్ణోగ్రత తక్కువగా ఉంటుంది కాబట్టి కండరాలు కూడా బిగుసుకుని ఉంటాయి. చాలాకాలంగా నడుమునొప్పితో బాధపడుతున్నవారిపై అమెరికాలో జరిపి 1998లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఉదయం పూట ముందుకు వంగడాన్ని అదుపులో పెట్టుకున్నవారికి నొప్పి గణనీయంగా తగ్గినట్టు తేలింది. సూర్యనమస్కారాలు మంచివే, నేనూ చేస్తాను. అయితే పక్క మీద నుంచి లేచిన పది నిమిషాలకే, నిలబడి ముందుకు వంగి చేతులతో పాదాలను తాకే పాదహస్తాసనం వేయడం నడుమునొప్పి ఉన్నవారికి తగదు. ముందు అరగంటకు పైగా నడిచి వచ్చి, ఒళ్ళు వెచ్చబడిన తరువాత నమస్కారాలు మొదలుపెట్టండి. అలాగే వాకిలి ఊడ్చడం, ముగ్గు వేయడం, నీళ్ళ బకెట్లు ఎత్తడం వంటి మన తెల్లవారుజాము పనులన్నీ వంగి చేసేవే. వాటిని నడక తరువాతకు మార్చుకోండి, కుదరకపోతే మోకాళ్ళు వంచి కూర్చుని చేయండి. ఈ ఒక్క మార్పే మీకు ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. నొప్పి కాలి కిందికి పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా మాత్రం ఇవేవీ ప్రయత్నించకుండా ముందు ఎముకల వైద్యుని కలవండి.

ఎంత చేయాలన్నది పెద్ద చిక్కు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, దానితో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం ఉండాలి. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగంతో నడిస్తే అది మధ్యస్థ వ్యాయామమే. మన వయసు స్త్రీలు నడకతో సరిపెట్టుకుని రెండో భాగాన్ని వదిలేస్తారు. బహిష్టులు ఆగే దశలో ఎముకల సాంద్రత వేగంగా తగ్గుతుంది కనుక ఆ రెండు రోజులను వదలకూడదు. బస్కీలు, గోడకు చేతులు ఆన్చి తీసే దండీలు, నీళ్ళు నింపిన సీసాలు ఎత్తడం చాలు, జిమ్‌కు డబ్బు కట్టనక్కరలేదు.

నడకకు మన బీచ్ రోడ్డును మించిన చోటు లేదు. తెల్లవారుజామున కొంతసేపు అక్కడ వాహనాలను ఆపివేస్తారు కాబట్టి కాళీమాత గుడి వైపు నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాటేవరకు నడిరోడ్డు మీద నిశ్చింతగా నడవవచ్చు. జూన్‌లో ఇక్కడ 5.20 ప్రాంతంలోనే సూర్యోదయం అవుతుంది, జనవరిలో దాదాపు ఆరున్నర అవుతుంది. హైదరాబాదులో వెలుతురు మనకంటే ఇంచుమించు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కనుక అక్కడివారు చెప్పే వేళలను ఉన్నవి ఉన్నట్టు పాటించనక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో సముద్రపు గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఎండ లేకపోయినా ఒళ్ళు వేడెక్కుతుంది. ఆ రోజుల్లో వేగం తగ్గించి, తిరిగి రాగానే ఉప్పు వేసిన పలచని మజ్జిగ తాగడం మంచిది.

బయలుదేరే ముందు ఒక గ్లాసు నీళ్ళు, ఆకలిగా ఉంటే సగం అరటిపండు సరిపోతాయి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు లేవగానే నీళ్ళతో వేసుకుని నడకకు వెళ్తే, కాఫీకి, టిఫిన్‌కు ముందు ఉండవలసిన అరగంట నుంచి గంట వ్యవధి దానంతటదే గడిచిపోతుంది. నా మాత్ర కూడా అలాగే వేసుకుంటాను. మధుమేహానికి ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతున్నవారు మాత్రం వైద్యుని అడగకుండా పరగడుపున వేగంగా నడవకూడదు, చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. తిరిగి వచ్చాక పెసరట్టో, కోడిగుడ్డో తింటే కండరాలకు కావలసిన మాంసకృత్తులు అందుతాయి, నాలుగు ఇడ్లీలతో అంత అందవు.

అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు వచ్చి వారం రోజులు వాన పడితే నేను అపార్ట్‌మెంటు మెట్లు ఎక్కుతాను. మోకాళ్ళు సహకరించేవారు ఎక్కేటప్పుడు నడిచి, దిగేటప్పుడు లిఫ్టు వాడుకోవచ్చు. అది కూడా కుదరని రోజున ఐదింటికే లేచి ఇంట్లోనే ఇరవై నిమిషాలు అటూ ఇటూ నడవండి, లేచే వేళను మాత్రం మార్చకండి.