ఏడు తరాల మనిషి, ఏడు నెలల దోమ

ప్రశ్న: మనుషుల్లో జీవపరిణామం ఇంకా జరుగుతోందా, ఆగిపోయిందా? మందులు, ఆసుపత్రులు వచ్చాక బలహీనులు కూడా బతుకుతున్నారు కాబట్టి ప్రకృతి చేసే ఏరివేత, అంటే ప్రకృతివరణం, పనిచేయడం మానేసిందనీ, మనిషి జాతి నాణ్యత తగ్గిపోతోందనీ మా కళాశాలలో ఒక మిత్రుడు వాదించాడు. నాకు జవాబు తోచలేదు. మరో సంగతి. మా తాతగారి కంటే నేను జానెడు పొడుగు. ఇది పరిణామం కాదా?
— డిగ్రీ విద్యార్థి, రావులపాలెం

జవాబు: నాయనా, ముందు నీ ఎత్తు సంగతి చూద్దాం. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ వరి మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది. ఆ విత్తనాన్నే మంచి చేలో ఒక మడి, చౌడు నేలలో ఒక మడి నాటితే పైరు ఒకే ఎత్తు పెరుగుతుందా? పెరగదు. అయినా విత్తనం మారిందని ఏ రైతూ అనడు. మీ తాతగారి చిన్నతనంలో పాడి ఉన్న ఇళ్లలో కూడా పాలు అమ్మకానికే వెళ్లేవి, పిల్లలకు మజ్జిగ మిగిలేది. ఏటా జ్వరాలు, విరేచనాలు, కడుపులో నులిపురుగులు. ఆయన నుంచి నీకు వచ్చిన జన్యువులకే నీ దగ్గర మంచి తిండి దొరికింది, అందుకే పొడుగయ్యావు. అది పరిణామం కాదు.

పరిణామం అంటే విత్తనమే మారడం. ఒక జనాభాలో ఏ జన్యువు నూటికి ఎంతమందిలో ఉంది అన్న లెక్క తరం మారేసరికి మారడం. మెరుగుపడటం అనే అర్థం ఆ మాటలో లేదు. ఆ లెక్క కదలకుండా ఉండాలంటే కొత్త ఉత్పరివర్తనాలు, అంటే జన్యువుల్లో కొత్త మార్పులు, పుట్టకూడదు, వలసలు ఉండకూడదు, జన్యువులకూ పిల్లల సంఖ్యకూ ఏ సంబంధమూ ఉండకూడదు, కాకతాళీయంగా కూడా ఏమీ జరగకూడదు. అలాంటి ఊరు భూమి మీద లేదు. తల్లిదండ్రులిద్దరిలోనూ లేని కొత్త మార్పులు ప్రతి శిశువులోనూ అరవై, డెబ్బై దాకా ఉంటాయి. తండ్రి వయసు ఒక ఏడాది పెరిగితే ఇంచుమించు రెండు చొప్పున ఆ సంఖ్య కూడా పెరుగుతుందని 2012లో ఐస్‌లాండ్ కుటుంబాల మీద జరిగిన పరిశోధన తేల్చింది. కాబట్టి నీ మొదటి ప్రశ్నకు జవాబు: జరుగుతోంది.

మరి కంటికి ఎందుకు కనబడదు? దానికి నువ్వు చేలోకి వెళ్లాలి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అప్పటి నుంచి నేటి వరకు మన డెల్టాలో గడిచిన మనుషుల తరాలు సుమారు ఏడు. వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమకు ఒక తరం ఇంచుమించు ఒక నెల. ఆనకట్ట కట్టిన నాటి నుంచి మనకు గడిచినన్ని తరాలు దానికి ఏడెనిమిది నెలల్లో, అంటే సార్వా నాట్లు వేసిన నాటి నుంచి దాళ్వా కోతకు వచ్చే లోపలే గడిచిపోతాయి. 1973లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ సుడిదోమను తట్టుకునే ఐ.ఆర్. 26 అనే రకాన్ని ఇచ్చింది. రెండు మూడేళ్లలోనే ఆ రకాన్ని కూడా తినగలిగే దోమ తయారైంది. మందు కొట్టినా తగ్గడం లేదని మీ నాన్నగారు గట్టు మీద నిలబడి బాధపడినప్పుడు ఆయన చూస్తున్నది పరిణామాన్నే. మనిషిలోనూ జరిగేది ఇదే, గడియారం మాత్రం చాలా నెమ్మది.

ఇప్పుడు మీ మిత్రుడి వాదన. ఇది నేను తేలిగ్గా వదిలేసే మాట కాదు.

నా దగ్గర మా తాతగారి పద్దుల పుస్తకం ఉంది. మాది లంక ఊరు. 1986 ఆగస్టు వరదలో ఆ పుస్తకం తడిసింది, కొన్ని కాగితాలు ఇప్పటికీ అంటుకునే ఉన్నాయి, సిరా నీలంగా పాకింది. కొబ్బరి దింపు లెక్కలు, కూలీల బాకీలు, వాటి మధ్యనే పిల్లల పుట్టుకలు. "దింపు 1140 కాయలు" అన్న వరస కింద "తెల్లవారుజామున మగపిల్లవాడు" అని ఉంటుంది. 1921కీ 1943కీ మధ్య మా నాయనమ్మకు తొమ్మిది కాన్పులు. తొమ్మిదింటిలో ఐదింటి పక్కన చిన్న ఇంటూ గుర్తు. ఒక చోట "అమ్మవారు" అని రాశారు, అంటే మశూచి. రెండు చోట్ల "విరేచనాలు". మిగిలిన రెండు చోట్ల ఏమీ రాయలేదు. గుర్తు పెట్టిన చోట కలం గట్టిగా ఒత్తడంతో కాగితం వెనక వైపు కూడా వేలికి తగులుతుంది. మా నాన్నగారు ఏడోవారు.

ఆ రోజుల్లో ప్రకృతివరణం ఎక్కువగా చావు ద్వారా పనిచేసింది. 1951లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 146 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28. మశూచి అయితే పూర్తిగానే పోయింది. ఆ దారి ఇరుకైంది, నిజమే. అయితే వరణానికి ఇంకో దారి ఉంది: ఎవరికి ఎంతమంది పిల్లలు, ఏ వయసులో. కెనడాలో సెయింట్ లారెన్స్ నది మధ్య ఒక ద్వీపం ఉంది, పేరు ఈలో కూద్ర్. మన భాషలో లంక అనుకో. అక్కడి చర్చి పుస్తకాల్లో తరతరాల పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలు రాసి ఉన్నాయి. వాటిని ముందు పెట్టుకుని లెక్క కడితే, సుమారు 140 ఏళ్లలో అక్కడి స్త్రీలకు తొలి కాన్పు వయసు 26 నుంచి 22కు దిగిందనీ, ఆ మార్పులో వారసత్వం పాలు ఉందనీ 2011లో పరిశోధకులు తేల్చారు. ఆ వ్యాసం చదివిన రాత్రి మా తాతగారి పుస్తకం మళ్లీ తీశాను. బతికిన నలుగురిలో ఒక మేనత్తకు సంతానం లేదు. రెండో పెదనాన్నకు ఎనిమిది మంది. ఈ రోజు మా వంశంలో ఉన్నవాళ్లలో సగానికి పైగా ఆయన వైపువాళ్లే. ఆయన జన్యువులు గొప్పవని దీని అర్థం కాదు, ఆయనకు పొలం కలిసి వచ్చింది, ఇద్దరు భార్యలు. ఇలా కాకతాళీయంగా వచ్చే మార్పు కూడా పరిణామంలో భాగమే, చిన్న ఊళ్లలో మరీ ఎక్కువ.

ఇక "బలహీనులు" అన్న మాట. మా తమ్ముడికి పన్నెండో ఏట చక్కెర వ్యాధి వచ్చింది, పుట్టుకతో వచ్చే తత్వం ఉన్న రకం. 1922 జనవరిలో టొరంటోలో ఒక బాలుడికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు కాబట్టి మా తమ్ముడు బతికాడు. కాలువ లాకుల దగ్గర ఉద్యోగం చేసి, ఇద్దరు పిల్లలను పెంచి, ఇప్పుడు మనవరాలికి ఈత నేర్పుతున్నాడు. వాడు బతకడం వల్ల మనిషి జాతి ఏమి కోల్పోయిందో మీ మిత్రుణ్ణి చెప్పమను.

శాస్త్రం వైపు నుంచి కూడా ఆ వాదన నిలవదు. ఒక జన్యువు బలమో బలహీనతో దాన్ని మాత్రమే చూసి చెప్పలేం, చుట్టూ ఏముందో చూడాలి. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు గిరిజన గ్రామాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి, సన్నని నాళాల్లో చిక్కుకుంటుంది, ఎముకల్లో నొప్పి భరించలేనంతగా వస్తుంది. ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తే జబ్బు. ఒక్కటే వస్తే మాత్రం ప్రాణాంతకమైన మలేరియా నుంచి చాలావరకు రక్షణ. ఈ సంగతిని ఆఫ్రికాలో ఆంథొనీ ఆలిసన్ అనే శాస్త్రవేత్త 1954లో చూపించాడు. అంటే దోమలు ముసిరే కొండల్లో ఒక్క జన్యువు ఉన్నవాడే అందరికంటే బలవంతుడు. మలేరియా పోతే ఆ లాభం పోతుంది, కీడు మిగులుతుంది, తరాలు గడిచే కొద్దీ ఆ జన్యువు తగ్గుతూ వస్తుంది. అక్కడ మంచానికి కట్టిన దోమతెర కూడా పరిణామాన్ని ఒక వైపుకు తిప్పుతోంది.

కోవిడ్ నాటి ఉదాహరణ కూడా విను. జబ్బు ముదిరే ప్రమాదాన్ని పెంచే ఒక జన్యుభాగం ఏనాడో అంతరించిపోయిన నియాండర్తల్ మానవుల నుంచి మనకు వచ్చిందని 2020లో హ్యూగో జీబెర్గ్, స్వాంటే పాబో అనే శాస్త్రవేత్తలు కనుగొన్నారు. దక్షిణాసియాలో సగం మందిలో అది ఉంది, ఐరోపాలో నూటికి 16 మందిలోనే. అదే భాగం ఉన్నవాళ్లకు హెచ్.ఐ.వి. సోకే ప్రమాదం నూటికి 27 వంతులు తక్కువని జీబెర్గే రెండేళ్ల తరువాత చూపాడు. దాన్ని పారేయాలా, ఉంచుకోవాలా? ముందు రాబోయే జబ్బు ఏమిటో తెలియనప్పుడు ఎవరు నిర్ణయిస్తారు?

పాల సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అది మన ఇంటి సంగతి. పెద్దయ్యాక కూడా పాలలోని చక్కెరను అరిగించుకోవడం మనిషికి గడిచిన పదివేల ఏళ్లలోనే ఎక్కువగా వ్యాపించిన లక్షణం. ఐరోపాలో కనిపించే ఆ మార్పే మన దేశంలోనూ ఉంది, వాయవ్య భారతంలో ఎక్కువ, దక్షిణాన, తూర్పున తక్కువ. మన వైపు చాలామంది పెద్దవాళ్లకు గ్లాసు పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది, పెరుగన్నం మాత్రం హాయిగా తింటారు. తోడు వేసినప్పుడు పాలలోని చక్కెరలో కొంత భాగాన్ని సూక్ష్మజీవులు ముందే తినేస్తాయి. జన్యువు చేయని పనిని మన అమ్మమ్మల ఉట్టి మీది కుండ చేసింది.

ప్రశ్న: మా అమ్మాయిని మా తమ్ముడికే ఇవ్వాలని పెద్దలు పట్టుబడుతున్నారు. తరతరాలుగా మేనరికాలు చేస్తున్నాం, ఏమీ కాలేదంటున్నారు. దీనివల్ల జాతి చెడుతుందా?
— ఒక గృహిణి, నరసాపురం దగ్గర

జవాబు: అమ్మా, జాతి మాట పక్కన పెట్టి మీ ఇంటి మాట చూద్దాం. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో సగటున నాలుగో వంతు ఉమ్మడి. బావామరదళ్లకు ఎనిమిదో వంతు. మేనరికం కొత్త చెడ్డ జన్యువులను పుట్టించదు. ప్రతి మనిషిలోనూ చాటున ఉండే కొన్ని లోపాలను తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే బిడ్డలో కలిపే అవకాశాన్ని పెంచుతుంది. రక్తం సరిగా తయారుకాని థలసీమియా జబ్బు, కొన్ని రకాల పుట్టు చెవుడు ఇలాగే వస్తాయి. "ఏమీ కాలేదు" అనేవాళ్లను చనిపోయిన పసిపిల్లలను కూడా లెక్కలో వేసుకోమనండి. మా తాతగారి పుస్తకంలో ఆ గుర్తులు చూశాక నేను ఆ మాట నమ్మలేను.

ఈ విషయాన్ని మొదట్లోనే లెక్కగట్టి చూసినవారు మనవాళ్లే. 1957లో బ్రిటన్ వదిలి మన దేశానికి వచ్చేసిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర శిష్యరికం చేసిన ద్రోణంరాజు కృష్ణ పిఠాపురంలో పుట్టినవారు. 1960 ప్రాంతంలో ఆయన, పి. మీరాఖాన్ కలిసి ఆంధ్రదేశంలో రక్తసంబంధ వివాహాలు ఎంత ఎక్కువగా ఉన్నాయో, వాటి ఫలితాలేమిటో పరిశీలించి ప్రకటించారు. థలసీమియాకూ మలేరియాకూ సంబంధం ఉండవచ్చని 1949లోనే ఊహించినవాడు ఆ హాల్డేనే.

నిర్ణయానికి ముందు ఇద్దరికీ హిమోగ్లోబిన్ రకాలు తేల్చే రక్తపరీక్ష చేయించండి, జన్యు సలహా ఇచ్చే వైద్యుణ్ణి కలవండి. మీ రెండు వైపులా చిన్నప్పుడే పోయినవారు, చెవిటివారు, ఎదుగుదల లేనివారు ఎవరైనా ఉన్నారేమో పెద్దవాళ్లను అడిగి కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇంకొక్క మాట. మీ ఉత్తరం రెండు పేజీలుంది, అందులో మీ అమ్మాయి అన్న మాట ఒక్కటి కూడా లేదు. అన్నిటికంటే ముందు ఆమెను అడగండి.

ప్రశ్న: నాకు ఇరవై తొమ్మిదేళ్లు. జ్ఞానదంతాలు రాలేదు, ఎక్స్-రేలో కూడా లేవన్నారు. నేను మిగతావాళ్లకంటే ముందుకు వెళ్లిన మనిషినా?
— భీమవరం పాఠకుడు

జవాబు: ముందూ వెనకా ఏమీ లేవు బాబూ. ఒక్క జ్ఞానదంతమైనా పుట్టనివారు ప్రపంచంలో ఐదుగురిలో ఒకరికి పైగా ఉంటారు. మీరు వారిలో ఒకరు, నొప్పి తప్పింది, సంతోషించండి. ఆ లక్షణం పెరుగుతోందా అని తెలియాలంటే మీ ఒక్కరి పళ్లు చాలవు, మీలాంటివారికి మిగతావారికంటే ఎక్కువమంది పిల్లలు పుడుతున్నారా అన్నది తరాల తరబడి చూడాలి.

ఇలాంటిదే ఇంకొకటి మీ చేతిలోనే ఉంది. బొటనవేలి కొసను చిటికెనవేలి కొసకు ఆనించి, మణికట్టును కొద్దిగా లోపలికి వంచండి. ముంజేతి మధ్యలో తాడులా ఒక స్నాయువు పైకి లేస్తే మీకు పామారిస్ లాంగస్ కండరం ఉన్నట్టు. నూటికి సుమారు పదిహేను మందికి అది ఉండదు, పట్టులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాదు. శస్త్రవైద్యులు వేరే చోట స్నాయువు తెగితే దీన్ని తీసి అక్కడ అతుకుతారు. నాకు ఎడమ చేతికి ఉంది, కుడి చేతికి లేదు. తరగతిలో ఏటా ఈ పాఠం రోజున పిల్లలందరి చేతులూ ఒకేసారి పైకి లేచేవి, లేనివాళ్లు దిగులుపడితే నా కుడి చెయ్యి చూపించేదాన్ని. మీ ఇంట్లో అమ్మ, నాన్న, తోబుట్టువుల చేతులు కూడా చూసి, ఎవరికి ఏ చేతికి ఉందో నాకు రాయండి.