నిద్ర పట్టని రాత్రుల గురించి

తాడిపత్రి

పాపా,

నువ్వు రాత్రి రెండింటికి కూడా లేచి కూర్చుని ఉంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. టీబీ వచ్చినప్పుడు పగలు ఎట్లో గడిచిపోతుంది, రాత్రే బరువు. 2019లో నాకొచ్చినప్పుడు దగ్గిన ప్రతిసారీ లైటు వేసి, తువ్వాలు మీద రక్తం పడిందేమోనని చూసుకునేవాణ్ణి. మందు మొదలుపెట్టిన కొత్తలో మూత్రం ఎర్రగా వస్తే ఇక నా పనైపోయిందని తెల్లార్లూ మేలుకున్నా. అది టీబీ మాత్రల్లో ఉండే రిఫాంపిసిన్ అనే మందు రంగని పొద్దున ఆశా కార్యకర్త చెప్పినాక గానీ ప్రాణం కుదుటపడలేదు.

అప్పటి నుంచి రాత్రి వచ్చిన అనుమానం ఏదైనా మాత్రల అట్ట వెనకాల పెన్నుతో రాసి పడుకునేవాణ్ణి. పొద్దున అట్ట చూపించి అడిగేవాణ్ణి. నువ్వూ అట్లే చెయ్యి. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, దగ్గులో నిజంగానే రక్తం పడినా మాత్రం తెల్లారేదాకా చూడొద్దు, ఆసుపత్రికి పో.

మాత్రలు పొద్దున్నే పరగడుపున వేసుకో. వాటిలో ఐసోనియాజిడ్ కొందరికి నిద్ర చెడగొడుతుంది, కాళ్లకు తిమ్మిర్లు తెస్తుంది. తిమ్మిర్లకు బి6 మాత్ర ఇస్తారు. నిద్ర సంగతి కూడా డాక్టరుకు చెప్పు, సిగ్గుపడొద్దు. నీ అంతట నువ్వు ఒక్క పూట కూడా మందు మానొద్దు. మెడికల్ షాపులో నిద్రమాత్ర అడిగి కొనుక్కోవద్దు, రిఫాంపిసిన్ చాలా మందుల పనిని తగ్గించేస్తుంది. టెన్షన్ మరీ ఎక్కువైతే 14416కు ఫోన్ చెయ్యి, అది మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సాయం, టెలీ మానస్ అంటారు, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

సాయంత్రం టీ మానెయ్. మంచం కిటికీ పక్కకు జరుపుకో, గాలి ఆడితే నీకూ ఇంట్లోవాళ్లకూ మేలు. చెమటకు తడిస్తే మార్చుకోవడానికి పొడి నూలు బట్టలు తలాపునే పెట్టుకో. ఆ చెమటలు తగ్గుతాయి, నాకు తగ్గినాయి. ప్రభుత్వం నెలకిచ్చే 1000 రూపాయలు గుడ్లకు, పాలకే పెట్టు.

మీ అత్త నీ తట్ట, చెంబు వేరుగా పెట్టిందంట కదా. నీ నిద్ర సగం దానికే పోయింటుంది. తట్టల వల్ల టీబీ అంటదమ్మా, దగ్గినప్పుడు గాలిలోంచి అంటుతుంది. మందు సరిగ్గా పడితే కొన్ని వారాల్లోనే ఆ భయమూ బాగా తగ్గిపోతుంది. ఆదివారం పొద్దున బస్సుకు ప్రొద్దుటూరు వస్తున్నా. నీ తట్టలోనే సంగటి పెట్టు, మీ అత్త ఎదురుగానే కూర్చుని తింటా.

మీ పెద్దనాయన