కిక్కుల సంగతి తర్వాత, ముందు కింది బ్లాక్

ఒరేయ్ చిన్నా,

టైక్వాండోలో చేరావని అమ్మ చెప్పింది, చాలా సంతోషమేసింది. తలెత్తు కిక్ ఎప్పుడు నేర్పిస్తారు మామయ్యా అని అడిగావట, ఆ తొందరే వద్దు. నేను చేరిన ఆర్నెల్లకే అంత ఎత్తుకి కాలు లేపబోయి, తొడ వెనక కండరం పట్టేసి నెలన్నర ఇంట్లో కూర్చున్నాను.

ముందు కింది బ్లాక్, అంటే కిందికి వచ్చే దెబ్బని చేత్తో అడ్డుకోవడం, నేర్చుకో. ఎడమ పిడికిలి కుడి భుజం దగ్గర మొదలై మోకాలికి పిడికెడు ఎత్తులో ఆగాలి, అదే క్షణంలో కుడి పిడికిలి నడుం దగ్గరికి గట్టిగా వెనక్కి రావాలి. అందరూ ముందుకెళ్లే చేతినే చూసుకుంటారు, నువ్వు వెనక్కొచ్చేదాన్ని చూసుకో.

నేను నేర్చుకుంది న్యూజెర్సీలో, ఓ చర్చి హాల్లో, కొరియన్ మాస్టర్ గారి దగ్గర. బయట బోర్డు మీద 'కొరియన్ కరాటే' అని, లోపల పేరు టాంగ్ సూ డో, అది కరాటే నుంచి వచ్చిన కొరియన్ విద్య. హనా, దుల్, సెత్ అని కొరియన్‌లో ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతూ ప్యాంగ్ ఆన్ చోదాన్ అనే కదలికల వరస చేయించేవారు. చాలా ఏళ్ల తర్వాత షోటోకాన్ అనే జపాన్ కరాటే క్లాసు ఒకటి చూడ్డానికి వెళ్తే, అక్కడ జపనీస్‌లో ఇచి, ని, సాన్ అని లెక్కపెడుతూ హెయాన్ షోదాన్ అనే వరస చేస్తున్నారు. ఎడమకి తిరగడం, కింది బ్లాక్, అడుగు, గుద్దు... కూర్చున్న చోటే నా కాళ్లు కదిలాయిరా! ప్యాంగ్ ఆన్, హెయాన్ రాసే అక్షరాలు ఒకటే, పలకడమే వేరు. నేర్చుకునే హాలుని కొరియన్లు దోజాంగ్, జపాన్ వాళ్లు దోజో అనడం కూడా అంతే.

జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవి నుంచి ఫునాకోషి అనే కరాటే మాస్టర్ గారు 1922లో టోక్యోకి కరాటే తెచ్చారు. ఆయన దగ్గర నేర్చుకున్న కొరియన్ వన్ గుక్ లీ 1944లో సియోల్‌లో చుంగ్ డో క్వాన్ అనే స్కూలు పెట్టారు. అలాంటి కొరియన్ స్కూళ్లలో నేర్పేదానికే టైక్వాండో అన్న పేరు 1955లో వచ్చింది. ఆ తర్వాత కొరియన్లు కిక్కుల మీద చేసిన పని మాత్రం వాళ్ల సొంతం, అది తక్కువదేం కాదు.

ఇదంతా తెలుసుకో, కానీ మీ మాస్టర్ గారు కొరియన్ అయితే క్లాసులో 'ఇది జపాన్‌దే కదా' అని వాదన పెట్టుకోకు. 1910 నుంచి 1945 దాకా జపాన్ పాలన కింద నలిగిన దేశం అది, ఆ మాట వాళ్లకి వేరేలా తగులుతుంది. మా మాస్టర్ గారిని నేనొకసారి అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా బెల్టు సర్దుకుని మళ్లీ హనా నుంచి మొదలుపెట్టారు. అలా అడిగినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆదివారం ఒక వీడియో తీసి పంపు. ఎదురుగా కాదు, పక్క నుంచి తియ్యి, ముందుకి పెట్టిన కాలి మోకాలు ఎంత వంగుతుందో చూడాలి.

మామయ్య