తోక తడిగా ఉంటే రేపు చూద్దాం అనుకోకండి

ప్రశ్న: మా పాప పుట్టినరోజుకి విశాఖలో హ్యామ్‌స్టర్‌ని (ఎలుకలా ఉండే చిన్న పెంపుడు జంతువు) కొన్నాం. నెల కూడా కాలేదు, ఇంకా చిన్నదే. నిన్నటి నుంచి గింజలు ముట్టడం లేదు, మూలన ముడుచుకుని కూర్చుంటోంది, తోక దగ్గర తడిగా ఉండి వాసన వస్తోంది. పగలు పడుకోవడం దాని అలవాటే కదా అని ఊరుకున్నాం. పాపకి వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ ఉంది, రెండు చుక్కలు వేయొచ్చా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వద్దమ్మా, ఆ సిరప్ జోలికి అస్సలు వెళ్లకండి. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు హ్యామ్‌స్టర్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపేస్తాయి, ఆ ఖాళీలో క్లాస్ట్రిడియం అనే చెడ్డ బ్యాక్టీరియా పెరిగి విషం విడుదల చేస్తుంది, అప్పుడు జబ్బు కంటే ముందు మందే ప్రాణం తీస్తుంది. మనుషుల మందులు పెంపుడు జంతువులకి వేసే అలవాటు మన ఇళ్లలో బాగా ఉంది, హ్యామ్‌స్టర్‌తో అది కుదరదు.

మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం ‘వెట్ టెయిల్’ అనే విరేచనాల జబ్బు మీదే. తల్లిపాలు మాన్పించిన కొత్తలో, ముఖ్యంగా 3 నుంచి 10 వారాల వయసులో, షాపు మారి, ప్రయాణం చేసి, కొత్త ఇంట్లో బెదిరిన సిరియన్ జాతి హ్యామ్‌స్టర్ పిల్లలకి ఎక్కువగా వస్తుంది. రెండు మూడు రోజుల్లోనే చనిపోవచ్చు కాబట్టి ఆదివారమో పండగో అని చూడకుండా ఇవాళే డాక్టర్‌కి చూపించండి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, ముందు ఫోన్ చేసి హ్యామ్‌స్టర్‌ని చూస్తారా అని అడగండి, లేదంటే విశాఖ వెళ్లిపోండి. గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో దాని బోనులో పరిచిన పాత పొట్టే కొంచెం వేసి తీసుకెళ్లండి, రెట్ట అంటిన పొట్టు అయితే డాక్టర్‌కి పరీక్షకి కూడా పనికొస్తుంది.

బయల్దేరే లోపు కీరా, క్యారెట్ లాంటివి తీసేయండి, పాలు పట్టకండి. స్పృహలో ఉంటే ఓఆర్ఎస్ నీళ్లు డ్రాపర్‌తో పెదవి పక్కన ఒక్కో చుక్క పెట్టి నాకనివ్వండి, నోట్లోకి పిచికారీ చేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒళ్లు చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి ఒక పక్కన పెట్టండి, వేడనిపిస్తే అది జరగడానికి రెండో పక్క ఖాళీగా ఉండాలి. స్నానం మాత్రం చేయించకండి, తడిసిన చోట మెత్తని గుడ్డతో అద్దితే చాలు.

మీది ఆడదైతే ఒక మాట. నాలుగు రోజులకోసారి తెల్లగా, జిగురుగా, వాసనతో స్రావం రావడం మామూలే, కానీ అప్పుడు తిండి మానదు, ముడుచుకుని కూర్చోదు. నడుముకి రెండు పక్కలా ఉండే నల్లటి మచ్చలు కూడా మామూలే, అవి వాసన గ్రంథులు, వాటిని చూసి కేన్సరేమో అని చాలామంది టెన్షన్ పడతారు.

ఇది కోలుకుంటే ఇకపై పగలు చూసి బాగుందో లేదో తేల్చుకోకండి, రాత్రి తొమ్మిది దాటాక చూడండి. ఆ వేళకీ చక్రం ఎక్కకపోయినా, బుగ్గల్లో గింజలు కుక్కుకోకపోయినా, ఊపిరి తీసేటప్పుడు టిక్ టిక్ మన్నా అనుమానించాల్సిందే. వారానికోసారి వంటింటి కాటా మీద తూచి రాసుకోండి, జబ్బు పైకి కనిపించకముందే బరువు తగ్గుతుంది. వేరే హ్యామ్‌స్టర్ ఉంటే వెంటనే వేరే గదిలో పెట్టండి. బోను కడిగాక, దాన్ని పట్టుకున్నాక పాప చేతులు సబ్బుతో కడిగించండి.