మందు అనాలా, ఔషధం అనాలా?

ప్రశ్న: నేను డిగ్రీలో జీవశాస్త్రం చదువుతున్నాను. ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) తొలి పాఠాన్ని తోటి విద్యార్థుల కోసం తెలుగులో రాస్తూ 'డ్రగ్' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మందు అందామంటే ఎలుకల మందూ మందే, సారా కూడా మందే. ఔషధం అంటే మరీ గ్రాంథికంగా ఉంది. మాదకద్రవ్యం అంటే అర్థమే మారిపోతోంది. ఏది రాయాలి? 'మాత్ర' అంటే బిళ్లా, మోతాదా?

సమాధానం: మందు అనే రాయండి. మీరు దాన్ని వద్దనుకోవడానికి చెప్పిన కారణమే నాకు దాని బలంగా కనిపిస్తోంది. ఫార్మకాలజీలో డ్రగ్ అంటే జబ్బు నయం చేసేది అని కాదు, ఒంట్లోకి వెళ్లి అక్కడ జరిగే పనిలో మార్పు తెచ్చే పదార్థం అని. ఆ మార్పు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది ఆ పేరులో ఉండదు. మన మందూ అంతే. దగ్గు మందు దగ్గును పోగొడుతుంది, నిద్రమందు నిద్రను తెస్తుంది, ఎలుకల మందు ఎలుకలను చంపుతుంది. మూడు చోట్లా మందు ఒకటే మాట. ఏం జరుగుతుందో చెప్పే పని ముందున్న మాటది.

వార్ఫరిన్ సంగతి చూడండి. 1948లో అది ఎలుకల మందుగా వాడుకలోకి వచ్చింది. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన కొన్ని ప్రోటీన్లు కాలేయంలో తయారు కావాలంటే విటమిన్ కె ఉండాలి. ఒకసారి వాడిన విటమిన్ కె మళ్లీ పనికొచ్చే రూపంలోకి మారకుండా వార్ఫరిన్ అడ్డుపడుతుంది. దాంతో ఎలుక లోలోపల రక్తస్రావమై చస్తుంది. అదే పదార్థాన్ని 1954 నుంచి మనుషులకూ ఇస్తున్నారు, రక్తనాళాల్లో గడ్డలు కట్టకుండా. రోజుకు కొద్ది మిల్లీగ్రాములే, అదీ రక్తపరీక్షలు చేయిస్తూ. మోతాదు మించితే విరుగుడు విటమిన్ కె. ఎలుకలోనైనా మనిషిలోనైనా అది పట్టుకునే చోటు ఒక్కటే. కాబట్టి రెండింటినీ మందు అనడంలో తప్పేమీ లేదు. ఫార్మకాలజీ పేరుకు మూలమైన గ్రీకు మాట 'ఫార్మకాన్'కు కూడా మందు, విషం అనే రెండర్థాలూ ఉన్నాయి.

మందు అచ్చంగా మన మాట. తమిళంలో మరుందు, మలయాళంలో మరున్ను, కన్నడంలో మద్దు దీని తోబుట్టువులే. మందమతి, మందగమనం వంటి మాటల్లోని సంస్కృత 'మంద'తో దీనికి చుట్టరికం లేదు.

మరి ఔషధం? చికిత్స కోసం సిద్ధం చేసిన దానికి ఆ మాట ఉంచుకోమంటాను. పారాసెటమాల్ అట్ట మీద 500 మిల్లీగ్రాములు అని ఉంటుంది. బిళ్లను తూకం వేస్తే అంతకంటే ఎక్కువే తూగుతుంది. మిగతా బరువు పిండిపదార్థానిది, బిళ్ల పొడి కాకుండా పట్టి ఉంచే బంకలాంటి వాటిది. ఆ 500 మిల్లీగ్రాములు మందు, బిళ్ల మొత్తం ఔషధం. మామూలు మాటల్లో ఈ తేడా ఎవరూ పాటించరు, పాటించనక్కరలేదు కూడా. పాఠంలో మాత్రం ఒకసారి చెప్పి, చివరిదాకా అలాగే వాడండి.

మాదకద్రవ్యం అంటే మత్తెక్కించేది, అలవాటుగా మారేది. మార్ఫిన్ నొప్పి మందూ అవుతుంది, మాదకద్రవ్యమూ అవుతుంది. డ్రగ్ కనిపించిన ప్రతిచోటా ఆ మాట వేస్తే, గుండెజబ్బు మందు వాడే మనిషి కూడా వ్యసనపరుడిలా కనబడతాడు.

ఇక మాత్ర. సంస్కృతంలో దానికి కొలత అని అర్థం. ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు అని లెక్కపెట్టేది ఆ అర్థంతోనే. 'ఈ మాత్రం చాలు' అన్నప్పుడు మనం అంటున్నదీ అదే కొలత. ముందే కొలిచి కట్టిన మందు కనుక బిళ్లకు మాత్ర అని పేరు వచ్చింది. ఇప్పుడు మాత్ర అనగానే అందరికీ బిళ్లే గుర్తొస్తుంది, కాబట్టి ఎంత వేసుకోవాలో చెప్పేచోట మోతాదు అనండి. 'రెండు మాత్రలు' అని మాత్రమే రాస్తే అవి 250వో 500వో తెలియదు. 'మోతాదు 500 మిల్లీగ్రాములు' అంటే ఆ అనుమానం ఉండదు.

మీరు అడగలేదు గానీ, మీ పాఠంలో తప్పక వచ్చే మాట ఇంకొకటి ఉంది. చాలామంది మందు మొక్కలను 'ఔషధులు' అని రాస్తుంటారు. మొక్క ఓషధి. కాయ పండగానే ఎండిపోయే మొక్కకు అది పాత పేరు. దాని నుంచి వచ్చింది ఔషధం. తికమక ఎక్కడ మొదలవుతుందో నాకు తెలుసు: 'వనౌషధి'లో ఔ వినిపిస్తుంది కదా! అది వన, ఓషధి కలిసినప్పుడు వృద్ధిసంధి వల్ల వచ్చిన ఔత్వం. విడదీస్తే మళ్లీ ఓషధే. అందుచేత 'వనౌషధులు' అని నిశ్చింతగా రాయండి. మొక్కను విడిగా చెప్పేటప్పుడు 'ఓషధి', అందులోంచి తీసి చికిత్సకు సిద్ధం చేసినదాన్ని 'ఔషధం' అనండి.